కొమ్మ నాటితే క్లోన్: మాయా ప్రజల జీవితం, క్లోనింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

మాయా ప్రజల గురించి చెప్పినప్పుడల్లా పిల్లలు పిరమిడ్లు, నరబలులు, 2012లో ప్రపంచం అంతమవుతుందన్న ప్రచారం గురించి అడుగుతారు. క్లోనింగ్ అనగానే డాలీ గొర్రెతో మొదలుపెట్టి, మనిషిని కూడా అలా చేయవచ్చా అంటారు. ఈ రెండు విషయాలూ ఒక పాత పొలంలో కలుస్తాయి. ఆ పొలం కథ అందరికీ తెలియాలని, వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్కచోట పెట్టి జవాబులు రాశాను.

మాయా నాగరికతకూ క్లోనింగ్‌కూ ఏం సంబంధం?

క్లోన్ అనే మాటకు మూలం గ్రీకు భాషలో ఉంది. రెమ్మ, చిన్న కొమ్మ అని దాని అర్థం. విత్తనంతో కాకుండా కొమ్మలతో, దుంపలతో, అంట్లతో పెంచే మొక్కలకు ఒక పేరు కావాలని 1903లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ వెబర్ ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. అంటే ఈ మాట తోటల్లో పుట్టి, చాలా ఏళ్ల తర్వాత ల్యాబ్‌లోకి వెళ్లింది.

ఎల్ సాల్వడార్ దేశంలో సుమారు 1,400 ఏళ్ల కిందటి మాయా పల్లె ఒకటి అగ్నిపర్వతం బూడిద కింద దొరికింది. ఆ ఊరి రైతులు కర్రపెండలం దుంపలు తవ్వుకుని, అదే మొక్కల కాండం ముక్కల్ని మళ్లీ బోదెల్లో నాటారు. ఆ వెంటనే కొండ పేలింది. ఆ నాటు అలాగే నిలిచిపోయింది. ఆ రైతులకు జన్యువుల సంగతి తెలియదు, కానీ వాళ్లు చేసింది క్లోనింగే.

మాయా ప్రజలు ఎక్కడ, ఎప్పుడు ఉన్నారు?

మెక్సికో ఆగ్నేయ భాగం, గ్వాటెమాల, బెలీజ్ దేశాలు, హోండురస్, ఎల్ సాల్వడార్‌ల పశ్చిమ భాగాలు వాళ్ల నేల. క్రీ.పూ. 2000 ప్రాంతం నుంచి అక్కడ ఊళ్లు కట్టుకుని వ్యవసాయం చేశారు. క్రీ.శ. 250 నుంచి 900 వరకు టికాల్, కలక్ముల్, పాలెంకె, కోపాన్ లాంటి నగరాలు వెలిగాయి. వాటన్నిటికీ కలిపి ఒకే చక్రవర్తి ఎప్పుడూ లేడు. ఒక్కో నగరానికి ఒక్కో రాజు, ఒక్కో వంశం. ఆ నగరాల మధ్య పొత్తులూ ఉండేవి, పగలూ ఉండేవి.

మయసభ కట్టిన మయుడికీ వీళ్లకూ సంబంధం ఉందా?

లేదు. పేర్లు దగ్గరగా వినిపిస్తాయి, అంతే. మాయా అనేది మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు పేరు, అక్కడి భాషలో పుట్టిన మాట. ఈ ప్రశ్న మన దగ్గర చాలా ఎక్కువగా వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

సామాన్యుల ఇల్లు ఎలా ఉండేది?

పైన చెప్పిన పల్లె పేరు హోయా డి సెరెన్. 1976లో ధాన్యం గోదాములు కట్టడానికి బుల్డోజర్‌తో నేల చదును చేస్తుంటే బయటపడింది. 1978 నుంచి పేసన్ షీట్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. రాజుల సమాధులు ఎన్ని చూసినా తెలియని విషయాలు ఈ చిన్న పల్లె చెప్పింది. నాకు మాయా చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఒక్కో కుటుంబానికి రెండు మూడు చిన్న కట్టడాలు ఉండేవి. పడుకోవడానికి ఒకటి, సామాన్లు పెట్టుకోవడానికి ఒకటి, వంటకు ఒకటి. కర్రల తడికకు మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. గాజులా ఉండే అబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు రాతితో చేసిన పదునైన బ్లేడ్లను పిల్లల చేతికి అందకుండా చూరులో దోపేవారు. మన పల్లెల్లో కొడవలిని చూరులో దోపినట్టే. సామాన్ల గదిలో ఒక బాతును తాడుతో కట్టి ఉంచారు. కుండల్లో చిక్కుడు గింజలు, రంగులు వేసిన ఎండుకాయ బుర్రలు, కడగని గిన్నెల్లో వేళ్ల గుర్తులు దొరికాయి. ఊరందరికీ కలిపి గుమ్మటం కప్పు ఉన్న ఆవిరి స్నానపు గది కూడా ఉంది.

బూడిదలో పూడిన మొక్కలు కుళ్లిపోయి, వాటి ఆకారంలో ఖాళీలు మిగిలాయి. పళ్ల డాక్టర్లు వాడే ప్లాస్టర్‌ను ఆ ఖాళీల్లో పోస్తే మొక్కజొన్న కంకులు, కాండాలు, దుంపలు అచ్చుల్లా బయటికి వచ్చాయి. పంటలు ఇంత కచ్చితంగా తెలిసిన పాత పల్లెలు ప్రపంచంలో చాలా తక్కువ. ఇళ్లలో మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు. పేలుడుకు ముందు భూమి కంపించడంతో ఊరు ఖాళీ చేసి పరుగెత్తినట్టున్నారు. తినే గిన్నెలు వదిలేసి పోయారు కాబట్టి ఎంత తొందరలో వెళ్లారో ఊహించవచ్చు.

వాళ్లు ఏం తినేవారు?

ప్రధానంగా మొక్కజొన్న. పక్కనే చిక్కుడు, గుమ్మడి, మిరప, టమాటా, బొప్పాయి, అవకాడో. ఆవులు, గేదెలు, గుర్రాలు లేవు. బరువు లాగే జంతువు లేదు కాబట్టి మోతకు మనుషులే దిక్కు. టర్కీ కోళ్లను, కుక్కలను పెంచేవారు. జింకల్ని వేటాడేవారు.

మొక్కజొన్నను వండే తీరులోనే వాళ్ల తెలివంతా ఉంది. గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున కడిగి రాతి మీద రుబ్బేవారు. ఆ రాయి మన సన్నికల్లు లాంటిది, దాని మీద పొత్రం లాంటిదే ఇంకో రాయి. సెరెన్‌లో ఆ రాతిని పంగల కర్రల మీద ఎత్తుగా పెట్టుకుని నిలబడి రుబ్బుకున్నారు. ఆ ముద్దను ఆకుల్లో చుట్టి ఆవిరికి ఉడికించేవారు, లేదా జావ కాచుకునేవారు.

సున్నం ఎందుకంటే, మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ మామూలుగా ఒంటికి పట్టదు. సున్నపు నీళ్లు దాన్ని విడదీస్తాయి. పైగా కాల్షియం కూడా అందుతుంది. యూరప్ వాళ్లు గింజను తీసుకుపోయారు కానీ ఈ పద్ధతిని తీసుకుపోలేదు. ఫలితంగా ఇటలీలో, స్పెయిన్‌లో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. చర్మం పొరలు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెడుతుంది. జొన్నే ప్రధాన ఆహారంగా బతికిన మన దక్కన్ పల్లెల్లో కూడా ఈ జబ్బు కనిపించింది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధకులు 1960లలో దాని మీద లోతుగా పనిచేశారు. గింజ ఒక్కటి తెచ్చుకుంటే సరిపోదు, దాన్ని వండుకున్న వాళ్ల అనుభవం కూడా తెచ్చుకోవాలి.

చాక్లెట్ చేసే కకావో గింజల్ని నూరి, నీళ్లు, మిరప కలిపి, ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించి తాగేవారు. మనం కాఫీ తిరగబోసినట్టు. ఆ గింజలే తర్వాతి కాలంలో డబ్బుగా కూడా చెల్లాయి. మన గుంటూరు మిరపకు పుట్టిల్లు కూడా ఆ మెక్సికో వైపే. పోర్చుగీసు ఓడల్లో వచ్చేదాకా మన వంటల్లో కారమంటే మిరియాలే.

కొమ్మ నాటడం నిజంగా క్లోనింగ్ అవుతుందా?

అవుతుంది. ఒక జీవిలో ఉన్న జన్యువులే, కలగలుపు లేకుండా, ఇంకో జీవిలో ఉంటే రెండోది మొదటిదానికి క్లోన్. విత్తనంలో అలా కాదు. తల్లి వైపు నుంచి సగం, తండ్రి వైపు నుంచి సగం వచ్చి కొత్త కలయిక తయారవుతుంది.

బంగినపల్లి టెంక నాటి చూడండి. చెట్టు వస్తుంది, కాయా కాస్తుంది, కానీ అది బంగినపల్లి కాదు. ఆ రుచే కావాలంటే అంటు కట్టాల్సిందే. అంటే మన ఊళ్లలో ఉన్న బంగినపల్లి చెట్లన్నీ ఒకే చెట్టు కొనసాగింపు. అరటి పిలకలు, చెరకు ముచ్చెలు, మల్లె అంట్లు కూడా అంతే. మనం సగ్గుబియ్యం చేసుకునే కర్రపెండలాన్ని గోదావరి జిల్లాల రైతులు ఇప్పటికీ కాండం ముక్కలతోనే నాటుతారు, సెరెన్ రైతుల్లాగే.

మరి మొక్కజొన్న?

అది క్లోన్ కాదు. పైనున్న జల్లు నుంచి పుప్పొడి గాలికి ఎగిరి ఏ కంకి పీచు మీదైనా పడుతుంది. అందుకే ఒకే కంకిలో తెల్ల గింజ, పసుపు గింజ, నల్ల గింజ పక్కపక్కన కనిపిస్తాయి. ప్రతి గింజా విడిగా ఒక బిడ్డ. సుమారు 9,000 ఏళ్ల కిందట మెక్సికోలో టియోసింటె అనే గడ్డి నుంచి మొదలుపెట్టి, తరతరాలుగా మంచి గింజల్ని ఏరి దాచిపెట్టి ఈ పంటను తయారు చేశారు. కలగలుపు లేకపోతే ఏరడానికే ఏమీ ఉండేది కాదు.

గ్వాటెమాలలోని కిచె మాయాల పవిత్ర గ్రంథం పోపోల్ వూహ్‌లో దేవతలు మొదట మట్టితో మనిషిని చేస్తారు, అది కరిగిపోతుంది. తర్వాత కర్రతో చేస్తారు, వాళ్లకు మనసు లేదు. చివరికి తెల్ల, పసుపు మొక్కజొన్న పిండి కలిపి చేస్తే మనిషి నిలబడతాడు.

జంతువును క్లోన్ చేయడం ఎలా?

ఇక్కడ కొమ్మ విరిచి నాటే వీలు లేదు. జంతువు శరీరంలో ప్రతి కణం ఒక పనికి కుదురుకుని ఉంటుంది. చర్మ కణం చర్మమే, పొదుగు కణం పొదుగే. జన్యువులన్నీ లోపల ఉన్నా, చాలావాటి తలుపులు మూసి ఉంటాయి. ఆ తలుపులు మళ్లీ తెరవచ్చని ఇంగ్లండ్‌లో జాన్ గర్డన్ కప్పలతో చూపించాడు. కప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, సొంత కేంద్రకం పనిచేయకుండా చేసిన గుడ్డులో పెడితే తోకకప్పలు వచ్చాయి. 1962లో ప్రచురించిన ఆ పనికి 2012లో నోబెల్ వచ్చింది.

క్షీరదాల్లో దాన్ని సాధించింది స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ బృందం ఆరేళ్ల తెల్ల గొర్రె పొదుగు కణం తీసుకుంది. నల్ల మూతి జాతి గొర్రె నుంచి గుడ్డు తీసుకుని, అందులోని కేంద్రకాన్ని సన్నని గాజు సూదితో పీల్చేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చిన్న కరెంటు దెబ్బ ఇస్తే కలిసిపోయాయి. గుడ్డులోని పదార్థాలు ఆ పాత కేంద్రకాన్ని మళ్లీ మొదటికి తీసుకొచ్చాయి. విభజన మొదలైన పిండాన్ని ఇంకో గొర్రె గర్భంలో పెట్టారు. ఇలా 277 జతలు కలిపితే 29 పిండాలు ఎదిగాయి. వాటిని 13 గొర్రెల్లో పెడితే పుట్టింది ఒక్కటే. 1996 జులై 5న పుట్టిన ఆ పిల్లే డాలీ. కడుపున మోసిన తల్లిది నల్ల మూతి, పిల్లది తెల్ల మూతి. పిల్ల ఆ తల్లి జన్యువులతో పుట్టలేదని అది చూడగానే అందరికీ అర్థమైంది.

డాలీ ఆరు పిల్లల్ని కన్నది. ఊపిరితిత్తుల్లో కణితి రావడంతో 2003 ఫిబ్రవరి 14న కారుణ్య మరణం ఇచ్చారు. ఆ కణితి గొర్రెల్లో ఒక వైరస్ వల్ల మామూలుగా వచ్చేదే. క్లోన్ కాబట్టి తొందరగా ముసలిదైపోయిందని చాలామంది రాశారు. కానీ అదే కణాల నుంచి తర్వాత పుట్టిన నాలుగు గొర్రెలు మామూలు ఆరోగ్యంతోనే వయసు మీరాయని 2016లో తేలింది.

మన దేశంలో చేశారా?

చేశారు. హరియాణాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ 2009 ఫిబ్రవరిలో గేదె దూడను క్లోన్ చేసింది, అది కొద్ది రోజులకే చనిపోయింది. అదే ఏడాది జూన్‌లో పుట్టిన గరిమ రెండేళ్లు బతికింది. 2010లో పుట్టిన గరిమ-2 పెరిగి పెద్దదై 2013లో తనూ దూడను ఈనింది. ఖరీదైన యంత్రాలు లేకుండా, చేత్తో పట్టే సన్నని బ్లేడుతో గుడ్డును కోసే పద్ధతిని అక్కడ వాడారు.

క్లోన్ అచ్చం అసలుదానిలాగే ఉంటుందా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్‌లో మొదటి క్లోన్ పిల్లి పుట్టింది. దాని తల్లి కణం మూడు రంగుల పిల్లిది. పుట్టిన పిల్లికి నారింజ రంగు మచ్చ ఒక్కటీ లేదు. పిల్లుల్లో నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడ పిల్లికి ఉన్న రెండు ఎక్స్‌లలో ఒక్కో కణంలో ఒక్కోటి మూతబడుతుంది. క్లోన్ చేయడానికి తీసుకున్న ఒక్క కణంలో ఏది మూతబడి ఉందో దాన్ని బట్టి రంగు వచ్చింది.

నిజానికి క్లోన్ కంటే కవల పిల్లలే ఒకరికొకరు ఎక్కువ దగ్గర. ఒకే పిండం రెండుగా చీలితే పుట్టే కవలలకు కేంద్రకమూ ఒకటే, గుడ్డూ ఒకటే. డాలీకి గుడ్డు వేరే గొర్రెది కాబట్టి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని కొంచెం డీఎన్ఏ వేరుగా ఉంది. అంత దగ్గరైన కవలలకే వేలిముద్రలు కలవవు, ఇష్టాలు కలవవు. మన ఇళ్లలో కవలల్ని పెంచిన ఏ అమ్మనడిగినా చెబుతుంది.

మాయా ప్రజలు కవలల్ని ఎలా చూసేవారు?

ఎంతో పవిత్రంగా చూసేవారు. పోపోల్ వూహ్‌లో హునాహ్పు, ష్బలాంకె అనే అన్నదమ్ములు కవలలు. పాతాళానికి దిగి, మృత్యుదేవతలతో బంతాట ఆడి, చచ్చి మళ్లీ బతికి గెలుస్తారు.

ఈ కథకు ఒక బాధాకరమైన సాక్ష్యం దొరికింది. యుకటాన్‌లోని చిచెన్ ఇట్జాలో 1967లో ఒక భూగర్భ తొట్టిలో వందకు పైగా చిన్న పిల్లల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో 64 మంది డీఎన్ఏను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. అందరూ మగపిల్లలే. ఎక్కువమంది మూడు నుంచి ఆరేళ్ల లోపువాళ్లు. కనీసం నాలుగో వంతు మందికి వాళ్లలోనే దగ్గరి బంధువులు ఉన్నారు. అందులో రెండు జతలు ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు. ఆ పిల్లల్ని బలి ఇచ్చారనీ, కవలల కథను తలచుకునే అలా చేసి ఉంటారనీ పరిశోధకులు భావిస్తున్నారు. అన్నదమ్ముల జంటగా బలికి ఎంచుకున్న ఆ పసివాళ్ల గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బలులు లేవని దాచడం ఎంత తప్పో, ఆ ప్రజలంతా బలుల కోసమే బతికారని చెప్పడమూ అంతే తప్పు.

ఎముకల్లో డీఎన్ఏ ఉందిగా, పాకాల్ రాజును క్లోన్ చేయవచ్చా?

చేయలేం. పాకాల్ 12 ఏళ్ల వయసులో, క్రీ.శ. 615లో పాలెంకె గద్దె ఎక్కి 683 వరకు పాలించాడు. పచ్చ రాతి ముసుగుతో ఉన్న అతని సమాధిని 1952లో కనుక్కున్నారు. కానీ క్లోనింగ్‌కు కావలసింది చెక్కుచెదరని కేంద్రకం ఉన్న కణం. పాత ఎముకలో మిగిలేది చిన్న చిన్న డీఎన్ఏ తునకలు. వేడి, తేమ ఉన్న అడవి నేలలో అవి ఇంకా తొందరగా చెడిపోతాయి. తునకలు చదవడానికి పనికొస్తాయి, ప్రాణం పోయడానికి పనికిరావు. చిరిగిన పుస్తకం పేజీల్ని చదవడం వేరు, ఆ పుస్తకాన్ని రాసిన మనిషిని లేపి కూర్చోబెట్టడం వేరు.

మనిషిని క్లోన్ చేసి పుట్టించడాన్ని మన దేశ మార్గదర్శకాలు నిషేధించాయి. 277లో ఒకటి అన్న లెక్క గుర్తు తెచ్చుకుంటే ఎందుకో అర్థమవుతుంది.

అంతరించిన జంతువుల సంగతి?

కణాల్ని ముందే గడ్డకట్టించి దాచి ఉంటే కొంత ఆశ ఉంది. స్పెయిన్‌లోని బుకార్డో అనే కొండమేక జాతి 2000లో అంతరించింది. దాచిన కణాలతో 2003లో ఒక పిల్లను పుట్టించారు, ఊపిరితిత్తుల లోపంతో కొన్ని నిమిషాల్లోనే పోయింది. అంతరించే ప్రమాదంలో ఉన్న నల్లకాళ్ల ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువు, 1988లో దాచిన కణాలతో 2020లో అమెరికాలో పుట్టి బతికింది. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కూడా ఒకప్పుడు చీతాను క్లోన్ చేయాలని ఇరాన్‌ను కణాలు అడిగింది, ఆ దేశం ఒప్పుకోలేదు.

క్లోనింగ్ వల్ల మామూలు మనిషికి ఏం లాభం?

ఇప్పటికే మీ ఇంట్లో ఉంది. జీన్ క్లోనింగ్ అంటే మొత్తం జీవిని కాకుండా ఒక్క జన్యువును తీసి బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెట్టి నకళ్లు తీయడం. షుగర్ ఉన్నవాళ్లు వాడే మానవ ఇన్సులిన్ 1982 నుంచి అలాగే తయారవుతోంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఈస్ట్‌లో పెట్టిన జన్యువుతో చేసిందే. అంతవరకు విదేశీ టీకా కొనలేని కుటుంబాలకు అది అందుబాటులోకి వచ్చింది.

2012 గొడవ ఏమిటి?

మాయా ప్రజలకు 260 రోజుల పూజల క్యాలెండర్, 365 రోజుల సంవత్సరం రెండూ ఉండేవి. రెండూ మళ్లీ ఒకే రోజుకు కలవడానికి 52 ఏళ్లు పడుతుంది. మన ప్రభవ నుంచి అక్షయ దాకా 60 ఏళ్లు తిరిగినట్టే. ఇంకా పొడవైన లెక్క ఒకటి క్రీ.పూ. 3114లో మొదలై, 2012 డిసెంబరు 21న ఒక పెద్ద ఆవృత్తం పూర్తి చేసుకుంది. అక్షయ తర్వాత ప్రభవ వచ్చినట్టు, ఇక్కడా లెక్క కొనసాగుతుంది. మన టీవీ ఛానళ్లు చూసి అప్పుడు ఎంతమంది టెన్షన్ పడ్డారో నాకు గుర్తుంది.

లెక్క ఇరవై మీద నడిచేది. చుక్క ఒకటి, గీత ఐదు, గవ్వ గుర్తు సున్నా. కిచె భాషలో ఇరవైకీ మనిషికీ ఒకటే మాట. చేతివేళ్లు, కాలివేళ్లు కలిపితే ఒక మనిషి.

వాళ్ల లిపిని చదివారా?

చదివారు. 1562లో మానీ అనే ఊళ్లో డియెగో డి లాండా అనే స్పెయిన్ మతగురువు మాయా పుస్తకాల్ని తగలబెట్టించాడు. మొత్తం మీద ఇప్పుడు మిగిలినవి నాలుగే. అయినా 1952లో సోవియట్ పండితుడు యూరి క్నొరోజోవ్ తాళం తీశాడు. చాలా గుర్తులు మన గుణింతంలా హల్లూ అచ్చూ కలిసిన అక్షరాలని గ్రహించాడు. కు, ట్జు అని రాసి కుట్జ్ అని చదవాలి, అంటే టర్కీ కోడి. చివరి అచ్చు పలకరు. గుణింతం దిద్దినవాళ్లకు ఈ లిపి సూత్రం ఇట్టే అర్థమవుతుంది.

ఒకేలాంటి మొక్కలు పెంచితే ప్రమాదమా?

ప్రమాదమే. మధ్య అమెరికాలో పెద్ద తోటలన్నీ ఒకప్పుడు గ్రోస్ మిషెల్ అనే ఒకే రకం అరటి. అన్నీ క్లోన్లే కాబట్టి, పనామా తెగులు ఒక మొక్కను చంపగలిగితే అన్నిటినీ చంపగలిగింది. 1950లు, 60లలో దాన్ని వదిలేసి కావెండిష్ రకానికి మారారు. ఇప్పుడు ఆ తెగులులోనే కొత్త రకం కావెండిష్‌ను పట్టుకుంది. 2019లో కొలంబియాలో కనిపించింది. మన రాయలసీమలో టిష్యూ కల్చర్‌తో పెంచే జీ-9 అరటి కూడా ఆ కుటుంబానిదే. అందుకే ఈ వార్తను మన రైతులు కూడా పట్టించుకోవాలి.

మాయా ప్రజలు ఎలా మాయమైపోయారు?

మాయమవలేదు. 8వ, 9వ శతాబ్దాల్లో దక్షిణ భాగపు నగరాలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. చెరువుల అడుగు మట్టిలో, గుహల్లోని సున్నపురాయి పొరల్లో ఆ కాలపు కరువుల గుర్తులు ఉన్నాయి. దానికి యుద్ధాలు, అడవుల నరికివేత, రాజుల మీద నమ్మకం పోవడం తోడయ్యాయి. ప్రజలు ఉత్తరానికి, కొండలకు తరలిపోయారు. చివరి స్వతంత్ర మాయా రాజ్యపు రాజధాని నోహ్పెటెన్ 1697లో గానీ స్పెయిన్ చేతికి చిక్కలేదు.

ఇవాళ్టికీ సుమారు 30 మాయా భాషలు మాట్లాడే లక్షలాది మంది ఉన్నారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్టా మెంచు కిచె మాయా మహిళ.

చిచెన్ ఇట్జా పిల్లల డీఎన్ఏ చదివినప్పుడు, దగ్గరి టిష్కకాల్టుయూబ్ ఊరివాళ్లు తమ రక్తం కూడా ఇచ్చారు. ఆ పాత పిల్లలకూ వీళ్లకూ సంబంధం స్పష్టంగా కనిపించింది. ఒక తేడా కూడా కనిపించింది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జ్వరాన్ని తట్టుకునే రోగనిరోధక జన్యు రకాలు ఇప్పటివాళ్లలో ఎక్కువ. 1545లో మెక్సికోను తుడిచిపెట్టిన మహమ్మారిలో ఆ సూక్ష్మజీవి ఆనవాళ్లు ఇంతకుముందే దొరికాయి. అప్పుడు అందరి జన్యువులూ ఒకేలా లేవు. కొందరు తట్టుకున్నారు, వాళ్ల పిల్లల పిల్లలే ఇప్పుడు ఆ ఊళ్లో మొక్కజొన్న వేస్తున్నారు.